ఎవరి అతుకు, ఎవరి ముద్ర

“ఉప్పు ఇటు జరపమని నీ తమ్ముడితో చెప్పు.”

ఉప్పు సీసా తమ్ముడి మోచేతి పక్కనే ఉంది. తమ్ముడి మోచెయ్యి బావ మోచేతి పక్కనే ఉంది. ఆ వంటింటి బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటే ఎవరి మోకాలు ఎవరిదో దురద పుడితే తప్ప తెలియదు. అయినా సోమవారం నుంచీ ఈ ఇంట్లో ఉప్పు సీసా నేరుగా ప్రయాణం చేయడం మానేసింది. చవక టికెట్టు కొన్నవాడిలా ఇల్లాలి చేతిలో దిగి, మారి, మళ్ళీ ఎక్కి వస్తోంది.

“ఒరేయ్, ఉప్పు,” అంది ఇల్లాలు.

“తీసుకోమను అక్కా.”

“తీసుకోండి.”

“ఎక్కువైందని చెప్పు,” అన్నాడు బావ.

“ఇంకా వేసుకోనేలేదు కదండీ!”

“ఉప్పు కాదు. పొగరు.”

బావమరిది చేతిలోని ముద్ద కంచంలో వదిలేశాడు. స్కూలు చివరి ఏడాదికి దగ్గర పడుతున్న అమ్మాయి తండ్రి వంక చూసి, మేనమామ వంక చూసి, ఖాళీ గ్లాసు వంక చూసింది.

“మంచినీళ్ళు కావాలంటే నేనెవరికి అప్లికేషన్ పెట్టుకోవాలి?”

ఎవరూ నవ్వలేదు. అప్లికేషన్ అన్న మాటకి నవ్వే రోజులు ఈ ఇంట్లో సోమవారంతో సరి.

బావా బావమరిదీ పనిచేసే బాయిలర్ల వర్క్‌షాప్ యజమానికి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏదో ఉంది గాని, ఈ ఇంట్లో ఆయన పేరు చూద్దాం గారు. జీతం సంగతేమిటంటే, చూద్దాం. ఫ్యాను తిరగడం లేదంటే, చూద్దాం. శాశ్వత నివాసానికి నా పేరు పంపండి సార్ అని బావ అడిగినప్పుడల్లా కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మరీ, చూద్దాం. ఆ దేశం భాషలో ఆయన అనే మాటకి అచ్చంగా మన ‘చూద్దాం’ అర్థమే. అంటే ‘కాదు’ అని. అలా చూస్తూ చూస్తూ బావ వీసా వీసమెత్తు కదలకుండా ఇన్నేళ్ళూ గడిపిన మనిషి, సోమవారం పొద్దున ఉన్నట్టుండి బావమరిది పేరు పంపుతానని తేల్చేశారు. తేలింది బావమరిది. మునిగింది బావ.

శాశ్వత నివాసం అంటే సొంత ఊళ్ళో అయితే ఊరి చివర ఆరడుగుల జాగా. దానికి సిఫార్సు అక్కర్లేదు, వయసు మీరిందని వెనక్కి పంపరు. ఈ దేశంలో మాత్రం శాశ్వతం కావాలంటే ముందు యజమాని పేరు పంపాలి. అంత చిన్న వర్క్‌షాప్ నుంచి ఏడాదికి ఒక్క పరదేశి పేరే పంపనిస్తారు.

“మామయ్యకి వస్తే మనకీ వచ్చినట్టే కదా?” అంది అమ్మాయి. “మనందరం ఒకే ఫ్యామిలీ కదా?”

“అడుగు, మీ మామయ్యనే అడుగు,” అన్నాడు బావ. “వీళ్ళ లెక్కలో మీ మామయ్య ఫ్యామిలీ అంటే మీ మామయ్య, ఆయనగారి పెళ్ళాం, ఆయనగారి పిల్లలు. లేని పెళ్ళానికి వస్తుంది, పుట్టని పిల్లలకి వస్తుంది. ఎదురుగా కూర్చుని వడ్డిస్తున్న అక్కకి రాదు.”

“అక్కంటే వాళ్ళ లెక్కలో చుట్టం కాదా?” అంది అమ్మాయి.

“చుట్టమే. అందుకే చుట్టపుచూపు వీసా ఇస్తారు. మూడు నెలలు చూసి పొమ్మంటారు.”

“పోనీ, వచ్చే ఏడు నీ పేరు పంపమను నాన్నా.”

ఈసారి బావ కంచం అంచున వేలితో గీత గీశాడు.

“వచ్చే ఏడు నాన్నకి నలభై అయిదు దాటుతాయమ్మా,” అంది ఇల్లాలు మెల్లిగా. “దాటితే తీసుకోరు. ఉన్న పర్మిట్ అయిపోగానే వెళ్ళిపోవాలి.”

“నలభై అయిదు దాటితే వెల్డింగ్ మర్చిపోతారా?”

“మర్చిపోం,” అన్నాడు బావ. “ముసలాళ్ళమైపోతామట. ఆ సంగతి వీళ్ళు చెప్పేదాకా నాకూ తెలీదు.”

“మరి నా కాలేజీ?”

అమ్మాయి కంచం తీసుకెళ్ళి తొట్టిలో పెట్టి, చెయ్యి కడుక్కుని, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా వేసుకోలేదు. గట్టిగా వేసుకున్నా బాగుండేది.

ఇన్ని మాటలూ పైపై పొంగులే. అడుగున మాడింది వేరే ఉంది. అది అమ్మాయికి తెలియదు, చూద్దాం గారికి తెలియదు. బల్ల దగ్గర మిగిలిన ముగ్గురికే తెలుసు.

బాయిలర్ అంటే ఆవిరి కడుపున పెట్టుకున్న ఇనుప భూతం. ఒక్క అతుకు వదిలినా మనుషులు పోతారు. అందుకే ప్రతి పైపు అతుకు పక్కనా దాన్ని అతికినవాడు తన ముద్ర కొట్టాలి. ముద్ర అంటే వేలెడంత ఉక్కు కడ్డీ, కొసన ఒక అంకె. ఇనుము మీద ఆనించి సుత్తితో ఒక్కటిస్తే అంకె దిగబడిపోతుంది. ఆ తర్వాత అతుక్కి ఎక్స్‌రే తీస్తారు. బాగుంటే పేరు ఆ అంకెది, పగుళ్ళుంటే తిట్లు ఆ అంకెవి. బావ అంకె ఏడు. చేతికిచ్చిన రోజే గ్రహించాల్సింది. ఇచ్చినవాడు ఏడు అంటే, ఏడవమనే కదా!

బావమరిది అంకె తొమ్మిది. రెండేళ్ళ కిందట, కొత్తల్లో, తొమ్మిది పడిన అతుకులన్నీ ఎక్స్‌రేలో జల్లెళ్ళలా కనబడ్డాయి. ఇంకొక్కటి పోతే ఇంటికి పంపేస్తామన్నారు. ఆ సాయంత్రం ఇల్లాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆడవాళ్ళ కన్నీళ్ళకి ఇనుము కరగదు గాని, ఇనుము కరిగించేవాడు కరుగుతాడు. మర్నాటి నుంచి బావమరిది వంతుకొచ్చిన కష్టమైన అతుకులన్నీ బావ అతికి, పక్కన తొమ్మిది కొట్టడం మొదలుపెట్టాడు. బావ చేయాల్సిన మెట్లూ కమ్మీలూ స్టాండ్లూ బావమరిది చేసేవాడు. వాటికి ఎక్స్‌రే లేదు, ముద్రా లేదు. నెల రోజులే అనుకున్నారు. వేలు పట్టుకుంటే నడక నేరుస్తాడనుకుంటే, వాడు చంకెక్కి కూర్చున్నాడు.

చూద్దాం గారు ఇప్పుడు రెండేళ్ళ ఎక్స్‌రేలు ముందేసుకుంటే తొమ్మిది వజ్రం. ఏడు ఎవరయ్యా అంటే, ఆ మెట్లు చేసే పెద్దమనిషి.

“బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అంటారు,” అన్నాడు బావ. “మన ఇంట్లో దాయాదులెవరూ లేరే. ఇద్దరి పనీ వీడొక్కడే చేస్తున్నాడు పాపం.”

“బావా!”

వారంలో మొదటిసారి ఆ మాట నేరుగా వచ్చి తగిలింది.

“నాతో మాట్లాడకని చెప్పు.”

“చెప్పక్కర్లేదు, నాకు చెవులున్నాయ్,” అన్నాడు బావమరిది. “నేను అడిగానా నా పేరు పంపమని? నాకు వద్దని ఆయనకి చెప్పేస్తా. సరేనా?”

“ఏమని చెబుతావ్? శాశ్వతంగా ఉండమంటే వద్దనే పరదేశిని ఈ దేశం ఇంతవరకూ చూడలేదురా. నిన్ను మ్యూజియంలో పెడతారు. ఎందుకు వద్దురా అని తవ్వుతారు. తవ్వితే బయటపడేది నేను.”

“మరేం చెయ్యమంటావ్?”

“ఏం చెయ్యనక్కర్లేదు. నిన్న ఫోన్‌లో కార్లు చూస్తున్నావుగా, చూసుకో. ఎర్రది బాగుంటుంది.”

బావమరిది చెవులు అంతకంటే ఎర్రబడ్డాయి. కార్లు చూసిన మాట నిజమే.

“ఊరుకోండి,” అంది ఇల్లాలు. “వాణ్ణి అని ఏం లాభం? అడిగింది నేను. ఏడ్చింది నేను. నన్ననండి.”

“నిన్ను అంటే మళ్ళీ ఏడుస్తావ్. మళ్ళీ నేనేదో చేస్తాను. పోయినసారి ఏడిస్తే శాశ్వత నివాసం పోయింది. ఈసారి ఏం పోతుందో, పోవడానికి ఏం మిగిలిందో చూసుకోవాలి.”

ఇల్లాలు ఏడవలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కప్ప కట్టుకున్నవాడు, పాము కడుపు పంచుకున్నవాడు అయితే ఆ మధ్యలో నోరు తెరిచే వాళ్ళెవరు? ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచి మడిచి గరుకెక్కిన చేతులతో బల్ల మీది తువ్వాలును నాలుగు మడతలు పెట్టింది. విప్పింది. మళ్ళీ పెట్టింది.

“నేనే వెళ్ళి ఆయనకి చెప్పేస్తాను,” అంది.

“ఏమని?”

“ఉన్నదున్నట్టు. ఆ జాయింట్లన్నీ మీవని.”

“చెప్పు. దొంగ ముద్ర కొట్టానని నాకూ టికెట్టు, కొట్టించుకున్నాడని వాడికీ టికెట్టు. అందరం పక్కపక్క సీట్లలో కూర్చుని ఉప్పు అందించుకుంటూ పోవచ్చు.”

“అంతకంటే తక్కువేమైనా జరగొచ్చేమో. ఆయన మంచివాడేమో.”

“మంచివాడో కాదో చూద్దాం అంటాడు. నువ్వు గడప దాటావంటే ఊరుకోను. ఇది మగవాళ్ళ పని.”

“అవును, చూస్తున్నాగా మగవాళ్ళ పనితనం,” అంది ఇల్లాలు.

అప్పుడు బావమరిది గొంతు సవరించుకున్నాడు. దొడ్డిదారిన వచ్చే మాటలకి ముందు వాడెప్పుడూ అలాగే సవరించుకుంటాడు.

“అక్కా… ఇంకోటి ఉంది. నిన్ననే చెప్పారు. చెబుదామంటే ఇంట్లో ఎవరూ మాట్లాడుకోవట్లేదు.”

“ఏంట్రా?”

“ఎల్లుండి సోమవారం ఇన్‌స్పెక్టర్ వస్తాడట. పేరు పంపే ముందు, ఆయన ఎదురుగా నేనొక పైపు జాయింట్ చేసి చూపించాలట. కింద పడుకుని, పైకి చూస్తూ చేసేది.”

పక్కవాళ్ళ ఇంట్లో బట్టల మిషను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

కింద పడుకుని చేసే అతుకంటే అతుకుల్లోకెల్లా మొండిది. కరిగిన ఇనుము పైకి అంటుకోవాలి గాని కిందికి జారకూడదు. వెల్లకిలా పడుకున్నవాడి మెడలోకి నిప్పులు రాలుతుంటే చెయ్యి వణక్కూడదు. రెండేళ్ళలో తొమ్మిదో అంకె మీద అలాంటివి ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఆ అంకె గలవాడు చేసినది కాదు.

“ఆ ఇన్‌స్పెక్టర్ ముందు ఇది పగిలిందంటే,” అంటూ బావ సగంలో ఆగాడు.

“పాతవన్నీ ఎవరు చేశారని అడుగుతారు,” అంది ఇల్లాలు. “అంటే నేను చెప్పకపోయినా తెలుస్తుంది.”

“అవును.”

“అయితే వాడికి నేర్పండి.”

బావ నవ్వాడు. ఆ నవ్వుకి పక్క గదిలోంచి అమ్మాయి తలుపు ఓరగా తీసి చూసింది.

“బాగుంది! నా పీక వాడు కొయ్యాలి. వాడికి కత్తి పట్టుకోవడం రాదు. అందుకని కత్తి ఎలా పట్టుకోవాలో ముందు నేను నేర్పాలి. పీక ఎటు తిప్పమంటావో కూడా చెప్పు, తిప్పుతాను!”

బావ లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత, వెనక్కి తిరక్కుండానే, అన్నాడు.

“రేపు పొద్దున ఎనిమిదింటికి తయారుగా ఉండమని నీ తమ్ముడితో చెప్పు.”

*

ఆదివారం పొద్దున ఇల్లాలు లాండ్రీలో షిఫ్టు ఉందని వీళ్ళకంటే ముందే బయల్దేరింది. గడప దగ్గర ఆమె పని బూట్లు అలాగే ఉన్నాయి. బావ వాటిని దాటుకునే వెళ్ళాడు. కంట పడ్డాయి గాని బుర్రకెక్కలేదు. బుర్ర నిండా ఇనుమే ఉంది ఆ పూట.

ఆదివారం వచ్చి ప్రాక్టీసు చేసుకుంటామని రాత్రే ఫోన్ చేసి అడిగితే చూద్దాం గారు చూద్దామన్నారు. తాళంచెవి బావ దగ్గరే ఉంటుంది కాబట్టి దాన్ని అవునుగా లెక్క కట్టుకున్నారు. షట్టర్ సగం ఎత్తి లోపలికి దూరారు. మనుషులు లేని వర్క్‌షాప్ పెళ్ళివారు వెళ్ళిపోయిన విడిదిలా ఉంది. సగం అయిన బాయిలర్ ఒకటి పొట్ట తెరుచుకుని పడుకుంది. నిప్పురవ్వలు బయటికి పోకుండా కట్టిన మందపాటి తెరలు కదలకుండా వేలాడుతున్నాయి.

రెండు పైపు ముక్కలను కొసలు అరగదీసి ఎదురెదురుగా బిగించాడు బావ. బావమరిది తోలు గ్లౌజులూ, ముఖానికి వెల్డింగ్ ముసుగూ తొడుక్కుని కింద వెల్లకిలా పడుకున్నాడు.

“ఏం చూస్తున్నావ్?”

“వెలుగు చూస్తున్నా బావా.”

“వెలుగు చూడ్డానికి సినిమాకెళ్ళు. వెలుగు వెనకాల ఇనుము కరిగి చిన్న చెరువులా అవుతుంది. దాన్ని చూడు. ఊఁ, కానీ.”

చేతిలోని వెల్డింగ్ రాడ్ ఇనుముకి తగిలి అతుక్కుపోయింది. అతుక్కోవలసినవి అతకవు, అతుక్కోకూడనివి అతుక్కుంటాయి. వెల్డింగూ చుట్టరికమూ ఈ విషయంలో ఒకటే. బావమరిది దాన్ని ఊడబెరికి మళ్ళీ గీశాడు. ఈసారి కరిగిన ఇనుము బొట్టుబొట్టుగా వాడి గుండె మీదికే రాలింది. ‘అమ్మో’ అని రాడ్ బిగించిన హోల్డర్ వదిలేశాడు.

“అమ్మ ఇక్కడెందుకుంటుందిరా! మళ్ళీ!”

మళ్ళీ అన్నా మళ్ళీ అంతే. ఒకటి బొట్లు కారింది, ఒకటి గుంట పడింది, ఒకటి చీమలపుట్టలా లేచింది. బావ ఒక్కోదాన్నీ గ్రైండర్ పెట్టి కోసేస్తూ, ఒక్కో తిట్టూ కొత్తది వెతుక్కుంటూ, ఆఖరికి తిట్లు కూడా అయిపోయి పక్కనున్న ఇనుప స్టూలు మీద కూలబడ్డాడు.

“రెండేళ్ళురా! రెండేళ్ళు నా పక్కన నిలబడ్డావు. గోడ నిలబడినా ఈపాటికి వెల్డింగ్ నేర్చుకునేది.”

బావమరిది లేవలేదు. ముఖానికి ముసుగు అలాగే ఉంది. మాట లోపల్నుంచి, డబ్బాలోంచి వచ్చినట్టు వచ్చింది.

“గోడకి ఎవరైనా నేర్పితే నేర్చుకునేదేమో.”

“ఏమన్నావ్?”

“నాకు నువ్వెప్పుడు నేర్పావు బావా? చేసిపెట్టావు. ‘జరగరా, ఇలా ఇవ్వు, నీవల్ల కాదు’ అన్నావు. మొదటి నెల అడిగాను, గుర్తుందా, ఈ ఒక్కటీ నన్ను చెయ్యనివ్వమని. టైం లేదన్నావు. రెండో నెల అడగడం మానేశాను. ఎక్స్‌రే వచ్చినప్పుడల్లా ‘తొమ్మిది భేష్’ అని నా భుజం తట్టేవాళ్ళు. ఆ తట్టినచోట మంట పుట్టేది. ఇంటికొచ్చాక ‘నా పుణ్యాన తింటున్నాడు’ అన్నట్టు చూసేవాడివి. తింటున్నాను కాబట్టి నోరెత్తలేదు. నోట్లో ముద్ద ఉంటే మాటెలా వస్తుంది?”

బావకి పిచ్చికోపం వచ్చింది. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూశాడు. పెట్టే చోటు దొరకలేదు. ఎందుకంటే ఆ మొదటి నెల అతనికి గుర్తుంది. టైం లేక కాదు. వాడు తడబడుతుంటే చూస్తూ కూర్చోవడం కంటే తనే చేసేయడం తేలిక. పైగా వాడూ, వాడి అక్కా ‘నువ్వు లేకపోతే ఏమయ్యేవాళ్ళమో’ అన్నట్టు చూస్తుంటే ఒంటికి హాయిగా కూడా ఉండేది.

“ముసుగు తియ్యి,” అన్నాడు.

“వద్దులే.”

“సరే, ఉంచుకో. కళ్ళు మూసుకో.”

“కళ్ళు మూసుకుని వెల్డింగేంటి?”

“ముందు విను. నేను చేస్తా, నువ్వు చప్పుడు విను. సలసల కాగే నూనెలో ఏదో వేగుతున్నట్టుండాలి. చిటపట అంటే రాడ్ దూరమైనట్టు. గొంతు నొక్కినట్టయితే మరీ దగ్గరైనట్టు.”

బావమరిది విన్నాడు. ముసుగు లోపల వాడేం చేస్తున్నాడో బావకి కనబడలేదు. అదీ ఒకందుకు మంచిదే. తర్వాత హోల్డర్ వాడి చేతికిచ్చి, చెయ్యి పట్టుకోబోయి ఆగి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఆ చేతుల్ని అక్కడ ఉంచడమే ఆ పొద్దున అతను చేసిన కష్టమైన పని.

“ఊపిరి బిగబట్టకు. వదులుతూ చెయ్యి. ఆఁ… దూరమైంది, విన్నావా? ఆఁ… అదీ… మాట్లాడకు… అదీ…”

చప్పుడు ఒక్క తీరుగా సాగింది. నీలపు వెలుగు పైపు చుట్టూ నిదానంగా, తొందరపడని పెద్దమనిషిలా, ప్రదక్షిణం చేసి ఆగింది. బావ సుత్తితో మెల్లిగా తట్టాడు. అతుకు మీద పేరుకున్న చిట్టెం పాము కుబుసంలా ఒకే ముక్కగా ఊడి కింద పడింది. కింద నుంచి ఇనుము పేర్చిన నాణేల వరుసలా మెరిసింది.

బావమరిది ముసుగు ఎత్తాడు. కళ్ళ కింద చెమటో మరొకటో కారుతోంది.

“నాదేనా బావా ఇది?”

“నీదేరా. నేను ముట్టుకోలేదు.”

బావమరిది లేచి కూర్చున్నాడు. నవ్వాడు. చెయ్యి చాపి, తన జేబులోంచి కాదు, బావ తోలు ఏప్రన్ జేబులోంచి ఉక్కు ముద్ర లాగాడు. బావ ఏమిటా అనుకునేలోపు అతుకు పక్కన ఆనించి సుత్తితో ఒక్కటిచ్చాడు. ఠంగుమంది.

ఏడు.

“ఒరేయ్! ఏం చేశావురా!”

“నువ్వు నాకు వందిచ్చావు. నేను నీకు ఒక్కటిచ్చాను.”

“వెధవా! రెండేళ్ళకి నీ చేతిలోంచి ఒక్క జాయింట్ పుట్టింది. మొదటిసారి నిజంగా నీదయినది! దాని మీద కూడా దొంగ ముద్రేనా!”

తిడుతున్నాడు గాని గొంతు తిట్టులా లేదు. బావమరిది ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు బావ భుజం మీదుగా ఎటో చూసి అలాగే ఆగిపోయింది.

తెర పక్కన చూద్దాం గారు నిలబడి ఉన్నారు. కళ్ళజోడు తుడవడం లేదు. కళ్ళకే ఉంది. ఆయన వెనక, ఇంట్లో తొడుక్కునే చెప్పులతో, ఇల్లాలు.

“చూశాను,” అన్నారాయన.

ఆయన నోట ఆ మాట అంతవరకూ ఎవరూ విని ఉండరు.

“నీ భార్య పొద్దున్నే మా ఇంటికి వచ్చింది,” అన్నారు, తన భాషలో, ఒక్కో మాటా విడదీసి. “తొమ్మిది కొట్టిన జాయింట్లన్నీ నీ చేతివి అని చెప్పింది. నేను నమ్మాను. నీకు అన్యాయం జరిగిందనుకున్నాను. ఏదో ఒక దారి వెతుకుదామని బయల్దేరాను. వచ్చి అయిదు నిమిషాలు ఈ తెర పక్కన నిలబడ్డాను. మీ మాటలు నాకు అర్థం కావు. పని అర్థమవుతుంది. చేసింది ఇతను. పక్కన కూర్చున్నది నువ్వు. పడింది నీ అంకె.”

“అలా కాదు సార్, నేర్పుతున్నాను…”

“అయితే నీ ముద్ర ఎందుకు పడింది?”

బావ నోరు తెరిచాడు. ఆ ప్రశ్నకి జవాబు ఉంది. వాడికి ప్రేమ పుట్టింది సార్, అనాలి. ఆ మాటకి ఆ భాషలో ఏమంటారో అతనికి రాదు.

బావమరిది ముద్ర వంక, అక్క వంక, మళ్ళీ ముద్ర వంక చూశాడు. తాను కొట్టిన ఒక్క దెబ్బతో అక్క చెప్పిన నిజం అబద్ధమైపోయిందని వాడికి అప్పుడప్పుడే ఎక్కుతోంది.

“వద్దన్నాను,” అన్నాడు బావ ఇల్లాలితో, గొంతు తగ్గించి.

“మీరు ఉప్పు కూడా నన్నే అడిగారు,” అంది ఆమె. “నిజం మాత్రం నన్ను దాటి ఎలా పోతుంది?”

చూద్దాం గారు వంగి, పక్కనున్న ఇంకో రెండు పైపు ముక్కలు తీసి, స్వయంగా బిగించారు. బిగించి, హోల్డర్ బావ ముందుకు చాపారు.

“మాటలు చాలు. నా ముందు చెయ్యి.”

బావ హోల్డర్ అందుకుని వెల్లకిలా పడుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా, ఏ ఊళ్ళో పనిచేసినా, పడుకుంటున్న తీరే అది. వీపుకి నేల చల్లగా తగిలింది.

బాగా చేస్తే పెళ్ళాం మాట నిజమవుతుంది. రెండేళ్ళ దొంగ ముద్రలూ బయటపడతాయి. రేపొచ్చే ఇన్‌స్పెక్టర్‌కి ఆ సంగతి చెప్పకుండా ఈయన ఊరుకుంటాడో లేదో, ఊరుకోకపోతే బావమరిది ఎక్కడ తేలతాడో, తనెక్కడ తేలతాడో తెలియదు. చెడగొడితే అన్నీ సర్దుకుంటాయి. తొమ్మిది వజ్రంగానే ఉండిపోతాడు, వాడికి శాశ్వతం వస్తుంది. తను దొంగవుతాడు, పెళ్ళాం అబద్ధాలకోరు అవుతుంది, అమ్మాయి కాలేజీ అన్న మాట మళ్ళీ ఎత్తదు.

బావ జీవితంలో ఒక్క అతుకు కూడా కావాలని చెడగొట్టలేదు. అది ఎలా చేస్తారో కూడా అతనికి తెలియదు.

“బావా,” అన్నాడు బావమరిది. ఆ గొంతులో ఏ కోరిక ఉందో తెలియలేదు.

ఇల్లాలు మొగుడి వంకా చూడలేదు, తమ్ముడి వంకా చూడలేదు. రాడ్ కొస వంకే చూస్తోంది.

“ఊఁ,” అన్నారు యజమాని.

బావ ముసుగు దించాడు. లోపలంతా చీకటి. పైన, చెయ్యి చాపితే అందేంత దూరంలో, రెండు ఇనుప ముక్కలు గోరంత సందు వదులుకుని ఎదురుచూస్తున్నాయి. రాడ్ ఇంకా ఇనుముకి తగల్లేదు.